ఒకే తుండు

మార్చి 4, సోమవారం

రోజూ నాలుగు ముక్కలు రాసుకోమని డాక్టర్ అనంతరామన్ చెప్పాడు. ఏం రాయాలి అని అడిగితే, మనసులో ఉన్నది రాయి, ఎవరికీ చూపించక్కర్లేదు అన్నాడు. ఎవరికీ చూపించకుండా ఉండటంలో నేను ఆయనకే పాఠం చెప్పగలను. తమిళంలో రాస్తే వీధంతా చదువుతుంది. ఇంగ్లీషులో రాస్తే ఆఫీసు చదువుతుంది. తెలుగులో రాస్తే మా కోసపాళయం పేటలో ఒక్కడూ చదవలేడు. తాతల కాలం నుంచి మా ఇంట్లో మాట్లాడేది తెలుగే, కానీ అక్షరం వచ్చినవాడు లేడు. నాకొక్కడికే వచ్చు. అదీ డిపార్టుమెంటు వాళ్లు నన్ను మూడేళ్లు యానాంకు బదిలీ చేసి పారేసినందుకు. అక్కడ మా ఇంటి ఓనరు రిటైరైన పంతులు. ఆయనకు సాయంత్రాలు తోచక నాచేత అఆలు దిద్దించాడు, ఆ తర్వాత ఇంట్లో ఉన్న పాత వారపత్రికలన్నీ చదివించాడు. అందుకే నేను మాట్లాడేది ఒకటి, రాసేది ఒకటి.

అమ్మ ఈ నోటుబుక్కు తెరిచి చూసింది. "ఏంది రా ఇది, జిలేబీలు చుట్టినట్టు ఉండాది" అంది. కాబట్టి తాళం అక్కర్లేదు.

సంగతి ఇది. పదకొండేళ్లుగా నాకు హెచ్ఐవి. రోజుకో మాత్ర. పరీక్షలో వైరస్ కనబడనంత తక్కువగా ఉంది, ఆ విషయంలో నేను క్లాసు ఫస్టు. తక్కువగా ఉన్నది ఇంకొకటి కూడా దొరికింది ఇవాళ. మగ హార్మోను. టెస్టోస్టెరాన్. నలభై ఏడేళ్లవాడికి ఉండాల్సిన దాంట్లో సగం కూడా లేదట. ఈ జబ్బుతో ఉండే మగవాళ్లలో ఇది తరచూ చూస్తామన్నాడు. "నీరసం, నిద్ర లేకపోవడం, దిగులు, వీటికి అదొక కారణం కావచ్చు. దిగులు దానంతటదే ఇంకో జబ్బు కూడా కావచ్చు. రెండూ చూడాలి" అన్నాడు. నాకు దిగులు లేదు అన్నాను.

గదిలోకి పిలిచే ముందు తొమ్మిది ప్రశ్నల కాగితం ఒకటి ఇస్తారు. గడిచిన రెండు వారాల్లో దేనిమీదా ఆసక్తి లేకుండా పోయిందా, నిద్ర పడుతోందా, ఆకలి వేస్తోందా, బతకడం ఎందుకు అనిపిస్తోందా, ఇలాంటివి. ఒక్కోదానికి సున్నా నుంచి మూడు దాకా వేయాలి. నేను తొమ్మిదింటికీ సున్నా వేశాను. డాక్టరు కాగితాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"మొత్తం సున్నానా పద్మనాభన్? ఈ ఊళ్లో సున్నా వచ్చేవాడు ఎవడూ లేడయ్యా. నేను రాసినా నాకే నాలుగు వస్తుంది."

స్కూల్లో కూడా నాకిన్ని సున్నాలు రాలేదు సార్ అన్నాను. ఆయన నవ్వలేదు.

జెల్ రాసిచ్చాడు. చిన్న చిన్న పాకెట్లు. పొద్దున స్నానం చేసి, తుడుచుకుని, రెండు భుజాలకూ రాసుకోవాలి. బాగా ఆరనివ్వాలి. ఆ చోటు ఆడవాళ్లకు, పిల్లలకు తగలకూడదు, తగిలితే మందు వాళ్ల ఒంట్లోకి పోతుంది. మా ఇంట్లో ఉన్నది డెబ్బై ఒక్కేళ్ల అమ్మ ఒక్కతే. జాగ్రత్తగా ఉంటాను.

ఈరోజు బాగానే ఉన్నాను.

మార్చి 5

పాకెట్ చింపి రాసుకున్నాను. చల్లగా ఉంది, ఇంజక్షన్ వేసే ముందు రుద్దే దూది వాసన. భుజాలు రెండూ నూనె పూసినట్టు మెరిశాయి. ఇలా మెరుస్తూ బాత్రూం నుంచి బయటికొస్తే అమ్మ ఏంది రా అని అడగకుండా ఉంటుందా? అమ్మకు నా సంగతి ఏమీ తెలీదు. మాత్రలు బీపీకి అని చెప్పాను. భుజాలకు ఏం చెప్పను?

తుండు భుజాల చుట్టూ కప్పుకుని బయటికొచ్చాను. అలాగే కూర్చుని కాఫీ తాగాను. ఆరిపోయాక తుండును దండెం మీద వేసి చొక్కా తొడుక్కున్నాను. మంచి ఉపాయం. నా బుర్ర ఇంకా పనిచేస్తోంది.

కాఫీ అందుకునేటప్పుడు అమ్మ వేళ్లు తగలకుండా గ్లాసును అంచు పట్టి తీసుకున్నాను. గ్లాసు జారి ఒళ్లో పడింది.

బాగానే ఉన్నాను.

మార్చి 6

బాగానే ఉన్నాను.

మార్చి 11

ఇంట్లో ఒకటే తుండు. నేను పొద్దున ఒళ్లు తుడుచుకుంటాను, తర్వాత రోజంతా అది అమ్మ భుజం మీదే ఉంటుంది. పొయ్యి దగ్గర చెమట, కుళాయి దగ్గర చేతులు, సీరియల్ దగ్గర కన్నీళ్లు, అన్నీ దాంతోనే.

ఒకప్పుడు అమ్మకు వేరే తుండు ఉండేది, నీలం అంచుది. పదకొండేళ్ల కిందట, నా భార్య విజి నన్ను వదిలి ఏంబలంలోని పుట్టింటికి వెళ్లిపోయిన కొత్తలో, ఒకరోజు దాన్ని నిలువునా చించి మసిగుడ్డలు చేసింది. "ఇద్దరికి రెండు తుండ్లు ఎందుకు రా, ఉతకలేక చస్తా ఉండాను" అంది. పిసినారితనం. ఈ వయసులో మారదు.

మొదట్లో నాకు ప్రాణం గిలగిల్లాడేది. అమ్మ ఆ తుండుతో మొహం తుడుచుకుంటుంటే లాక్కుందామని చెయ్యి పోయేది. చివరికి మందుల సెంటర్లో కౌన్సెలర్ కయల్విళిని అడిగాను. "కంచంతో రాదు సార్, గ్లాసుతో రాదు, తుండుతో ఏమీ రాదు" అంది. ఆరోజు సైకిల్ మీద ఇంటికొస్తూ దారి పొడుగునా అదే అనుకున్నాను. తుండుతో ఏమీ రాదు. ఇప్పటికీ అదే నాకు మంత్రం.

విజికి రాలేదు. పరీక్ష చేయించుకుని, లేదని తేలాక వెళ్లింది. ఎవరికీ చెప్పలేదు, మాకు పొసగలేదు అని మాత్రం చెప్పింది. ఆ ఒక్కదానికి ఆమెకు దండం పెట్టాలి.

నాకెలా వచ్చిందో నాకు తెలుసు. రాయను.

మార్చి 22

ఆఫీసు అయ్యాక వైతికుప్పం సముద్రం ఒడ్డుకు వెళ్లాను. రాళ్ల మీద కూర్చున్నాను. వచ్చేశాను.

ఏప్రిల్ 2

వైతికుప్పం. రాళ్లు. వచ్చేశాను.

బాగానే ఉన్నాను.

ఏప్రిల్ 9

గ్యాసువాడు సిలిండరు వాకిట్లో దింపి వెళ్లిపోయాడు. నేను చొక్కా మార్చుకుని వచ్చేలోపు అది వంటింట్లో ఉంది.

"ఎవరు పెట్టారమ్మా?"

"నేనే. సుమ్మా ఊరికే దొర్లిస్తామా అనుకుంటి. ఎత్తితే వచ్చేసింది."

పోయిన దీపావళికి అమ్మ బియ్యం డబ్బా జరపలేక నన్ను పిలిచింది. నేను జరపలేక పక్కింటి సెంగమలం పిన్నిని పిలిచాను.

ఏప్రిల్ 15, సోమవారం

రక్తపరీక్ష. ఆరు వారాలు రాసుకున్నా హార్మోను వీసమెత్తు పెరగలేదు. "రోజూ రాస్తున్నావా?" అన్నాడు డాక్టరు. రోజూ అన్నాను. "ఇక మీదట రెండు పాకెట్లు" అన్నాడు.

తొమ్మిది ప్రశ్నలకూ సున్నా. ఈసారి పెన్ను అడక్కుండా నా పెన్నే తీసుకెళ్లాను. డాక్టరు కాగితం పక్కన పెట్టేసి నన్ను చూస్తూ కూర్చున్నాడు. నేను గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను. మంచి క్యాలెండరు.

ఏప్రిల్ 28

నా ఉద్యోగం కరెంటు ఆఫీసులో కంప్లైంట్లు రాసుకోవడం. ఫోను మోగితే మూడు ప్రశ్నలు అడుగుతాను. పేరేంటి, ఏ వీధి, ఎప్పట్నుంచి లేదు. ఎండాకాలం కాబట్టి ఊరంతా నన్ను తిడుతుంది. ఇవాళ ఒకాయన అరగంట తిట్టాడు. నాకేమీ అనిపించలేదు. కోపం రాలేదు, బాధ రాలేదు. ఫోను చెవి దగ్గర పెట్టుకుని, గడియారంలో ముల్లు తిరగడం చూశాను. పక్క సీటు వేలాయుధం, "నీకు ఎంత ఓర్పు అన్నా!" అని మెచ్చుకున్నాడు.

ఇంటికొస్తే అమ్మ రేషన్ షాపులో ఎవరినో చొక్కా పట్టుకుందని సెంగమలం పిన్ని చెప్పింది. వరసలో అడ్డం దూరాడట. ఇంటికి వచ్చాక కూడా అమ్మ కండ్లు మెరుస్తున్నాయి. "ఇంకొకడు దూరింటే బాగుండును" అంది.

మే 6

అమ్మ గడ్డం మీద నాలుగు వెంట్రుకలు.

మే 14

తొమ్మిది.

మే 17

వైతికుప్పం రాళ్ల మీద కూర్చుని ఉన్నాను. అలల దగ్గరికి ఎంత దూరం ఉందో చూస్తున్నాను, ఊరికే. వెనక నుంచి, "పద్నాబా!" అని గొంతు. అమ్మ. చేతిలో చేపల సంచి.

"యాడికి వచ్చినావమ్మా?"

"మత్తి చేప కొనేదానికి. ఇక్కడ తాజాగా ఉంటుంది."

కోసపాళయం నుంచి వైతికుప్పానికి నడిచి వచ్చింది. మూడేళ్లుగా మోకాళ్ల నొప్పి అని మేడ మెట్లు ఎక్కని మనిషి. సంచి నా చేతికిచ్చి, ముందు తానే నడిచింది. నేను వెనకబడ్డాను.

మే 21

రాళ్ల మీద కూర్చున్నాను. అమ్మ. మత్తి చేప.

మే 24

అమ్మ. మత్తి చేప. ఈ ఊళ్లో మనిషి కాసేపు ఒంటరిగా కూర్చునే చోటే లేదు.

జూన్ 1

వారానికి నాలుగు రోజులు మత్తి చేపల కొళంబు, అదే పులుసు. నాకు ఆకలి లేదని ఆమెకు తెలుసు. అయినా చేస్తుంది. ఎదురుగా కూర్చుని తినిపిస్తుంది. తుండుతో మొహం తుడుచుకుంటుంది.

బాగానే ఉన్నాను.

జూన్ 19

మొన్న నేను డ్యూటీలో లేని వేళ అమ్మ ఆఫీసుకు ఫోను చేసి నన్ను అడిగింది. వేలాయుధం ఎత్తాడు. ఇవాళ నాతో, "మీ నాన్నగారు ఫోను చేశారన్నా, గొంతు ఏం గంభీరం!" అన్నాడు. నాన్న పోయి ఇరవై ఏళ్లు.

అమ్మ గడ్డం ఇప్పుడు లెక్కకు అందడం లేదు. పై పెదవి మీద కూడా వచ్చింది. నాకు పదిరోజులుగా గడ్డం గీసుకోవాలని లేదు. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని కాఫీ తాగాము.

జూన్ 30

సెంగమలం పిన్ని కనిపెట్టేసింది. అమ్మ ఒంటి మీదికి అంకాళమ్మ వచ్చిందట. గొంతు మారడం, బలం రావడం, మీసై మొలవడం, అన్నీ అమ్మవారి గుర్తులేనట. "తంబీ, నువ్వు పుణ్యం చేసుకున్నావు" అని నా కాళ్లు పట్టుకోబోయింది. నేను గెంతాను.

అమ్మను అడిగాను, నీకేమైనా తెలుస్తోందా అని. "అంకాళమ్మో ఏమో రా. మోకాలు నొప్పి పోయింది. ఎవరొస్తే ఏమి, ఉండనీ" అంది.

జూలై 15, సోమవారం

రక్తపరీక్ష. రెండు పాకెట్లు రాసినా పెరగలేదు. డాక్టరు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇంత మందు ఎక్కడికి పోతోంది పద్మనాభన్? రాసుకున్నాక కడిగేస్తున్నావా?"

"లేదు సార్."

"దేనికైనా అంటుకుంటోందా? చొక్కా? దుప్పటి?"

లేదు సార్ అనబోయాను.

తుండు.

జబ్బు తుండుతో రాదు. మందు వస్తుంది! పదకొండేళ్లు ఆ ఒక్క మాటను పట్టుకుని వేలాడినవాణ్ణి, దానికి అవతలి వైపు ఇంకో మాట ఉంటుందని నాకెలా తోస్తుంది? అమ్మ వేలు తగలకుండా రోజూ కాఫీ ఒలకబోసుకున్నాను. మందంతా తుండుకు పట్టించి ఆమె భుజం మీద వేశాను. నాలుగు నెలలు. డెబ్బై ఒక్కేళ్ల మా అమ్మ చేత మగ హార్మోను తాగించాను.

డాక్టరుకు చెప్పలేదు. చూసుకుంటాను సార్ అని లేచి వచ్చేశాను. తొమ్మిదింటికీ సున్నా.

జూలై 16

జెల్ మానేశాను. తుండు ఉతకాలి. బకెట్లో వేస్తే అమ్మ నా చేతిలోంచి లాక్కుంటుంది, ఆ పని నన్ను చేయనివ్వదు. అందుకని బియ్యం డబ్బా వెనక దాచాను. బజారుకు వెళ్లి రెండు కొత్త తుండ్లు కొన్నాను. ఆకుపచ్చది నాకు, గులాబీ రంగుది అమ్మకు. గులాబీది నీకమ్మా, ఇకనుంచి ఎవరిది వారు వాడుకుందాం అన్నాను.

అమ్మ ఆ తుండు కేసి చూసింది. నా కేసి చూసింది.

"ఎందుకు?"

"ఊరికే. శుభ్రంగా ఉంటుందని."

తుండును వాకిట్లోకి విసిరేసింది. అన్నం తినలేదు. వంటింట్లో గోడ వైపు తిరిగి కూర్చుని ఏడ్చింది. రేషన్ షాపులో చొక్కా పట్టుకున్న మనిషి ఒక తుండుకు ఏడ్చింది. మందువల్ల అయి ఉంటుంది. హార్మోన్లు ఎక్కువైతే ఏడుపు వస్తుందా, డాక్టరును అడగాలి.

జూలై 18

అమ్మ మాట్లాడటం లేదు. చీర కొంగుతో మొహం తుడుచుకుంటోంది.

ఆ తుండు వాడకు అని ఎందుకు చెప్పలేకపోతున్నానో నాకు తెలుసు. చెబితే ఎందుకు అంటుంది. మందు అంటాను. ఏం మందు అంటుంది. దేనికి తక్కువైంది అంటుంది. ఒక్కో ప్రశ్న వెనక ఇంకోటి ఉంది, అన్నిటికీ చివర ఉన్నది నేను చెప్పలేను. ఆమె వినలేదు. ఈ వయసులో ఆమె గుండె ఆగిపోతుంది. నేను అమ్మ కోసమే చెప్పడం లేదు.

వైతికుప్పం వెళ్లాను. చీకటి పడేదాకా కూర్చున్నాను. అమ్మ రాలేదు.

బాగానే ఉన్నాను. బాగానే ఉన్నాను.

జూలై 20, శనివారం

నిన్న జరిగింది నిన్న రాయలేకపోయాను.

అమ్మవార్లకు మొక్కుకునే ఆడి నెల, మొదటి శుక్రవారం. ఆఫీసులో బాగోలేక మధ్యాహ్నమే ఇంటికొచ్చాను. వీధి మలుపు దగ్గరే వేపాకు వాసన. మా వాకిట్లో పెద్ద గంగాళంలో అమ్మవారికి కాచిన కూళు జావ, పది పన్నెండు మంది ఆడవాళ్లు, మధ్యలో ప్లాస్టిక్ కుర్చీలో అమ్మ. నుదుటి మీద రూపాయంత కుంకుమ, మెడలో నిమ్మకాయల దండ, గడ్డానికి ఎవరో పసుపు కూడా రాశారు. భుజం మీద పాత తుండు. బియ్యం డబ్బా వెనక నుంచి వెతికి తీసుకుంది.

ఆ తుండుకు రెండు పాకెట్ల మందు రోజూ పట్టింది. మూడు నెలలుగా.

మూడో ఇంటి కవిప్రియ కాలేజీ పిల్ల. అమ్మ ముందు వంగి, "నేను పరీక్ష పాసవుతానా అమ్మవారూ?" అని అడిగింది.

"చదివినావా?" అంది అమ్మ, బండెద్దులు బెదిరేంత గొంతుతో.

"లేదమ్మా."

"అట్లయితే ఎట్ల పాసవుతావు? పో, పోయి చదువుకో."

అమ్మవారు ఉన్నదున్నట్టు పలికింది అని అందరూ లెంపలు వేసుకున్నారు. సెంగమలం పిన్నికి పూనకం రావడమే తక్కువ. పిన్నే అమ్మ భుజం మీది తుండు తీసి రెండు చేతులతో పైకెత్తింది. "అమ్మవారి గుడ్డ! అందరూ మొగానికి అద్దుకోండి, పిల్లల మొగానికి అద్దండి!" అంది. ఆడవాళ్లు వరస కట్టారు. ముందున్న ఆమె చంకలో ఏడాది పాప.

"తాకొద్దు!" అని అరిచాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలీదు. "ఆ గుడ్డ తాకొద్దు! దాంట్లో నా మందు ఉండాది!"

పాపను ఎత్తుకున్నామె వెనక్కి జరిగింది. అందరూ నా వైపు తిరిగారు. సెంగమలం పిన్ని తుండు పట్టుకుని అలాగే నిలబడింది.

"ఏం మందు తంబీ? నీకేమి జబ్బు?"

పదకొండేళ్లు. నోరు తెరిచాను. చెప్పేద్దామనే తెరిచాను. రాలేదు. ఇక ఈ వీధి లేదు, ఈ ఇల్లు లేదు, నేరుగా వైతికుప్పమే అనుకున్నాను.

అమ్మ కుర్చీలోంచి లేచింది. నిమ్మకాయల దండ ఊగింది.

"తామర!" అంది.

ఎవరూ కదల్లేదు.

"నా కొడుక్కి తామర. నడుముకు, తొడలకు, చెప్పగూడని చోటంతా. పదేండ్లుగా ఉండాది. ఆ తుండుతోనే గోక్కుంటాడు. అద్దుకోండి, ఎవురికి గావల్ల?"

సెంగమలం పిన్ని తుండును నిప్పులా కింద పడేసింది. చేతులు గాలిలో పట్టుకుని కుళాయికి పరుగెత్తింది. అంకాళమ్మ భక్తులు రెండు నిమిషాల్లో ఖాళీ. కూళు గంగాళం మాత్రం మిగిలింది. ఇవాళ కూడా అదే తిన్నాము.

లోపలికి వచ్చాక అమ్మ తలుపు వేసింది. నేను నేల మీద కూర్చుండిపోయాను.

"అమ్మా, అది తామర మందు కాదు."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"హెచ్ఐవి. ఎయిడ్సు అనకూడదంట, వేరేనంట, ఆ బిడ్డ చెప్పింది."

"ఏ బిడ్డ?"

"ఆస్పత్రిలో ఉంటుందే, కయల్విళి." అమ్మ నిమ్మకాయల దండ తీసి ఒక్కొక్క కాయే విప్పసాగింది, ఊరగాయ పెట్టడానికి. "విజి చెప్పేసింది రా. ఏంబలం బస్సు ఎక్కతా చెప్పింది. నేను మర్నాడు ఆస్పత్రికి పోయినా. నీ పేరు చెప్పల్యా. మా ఈదిలో ఒకనికి ఈ జబ్బు ఉండాది, వాని తల్లి వాని తుండు వాడచ్చునా అని అడిగినా. వాడచ్చును అమ్మా, తుండుతో ఏమీ రాదు అనింది. ఇంటికి వచ్చి నా నీలం తుండు చించేసినా."

దొర్లిపోతున్న నిమ్మకాయను పట్టి ఆమె ముందు పెట్టాను.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"నువ్వు చెప్పినావా? నీకు చెప్పేదానికి కష్టం. సరే, నేనుగా ఎట్ల అడిగేది? దినామూ నీ ఎదురుగానే నీ తుండుతో మొగం తుడుచుకుంటి. అర్థం చేసుకుంటావు అనుకుంటి. పదకొండేండ్లు తుడుస్తా ఉండాను. అర్థం కాల్యా నీకు?"

పిసినారితనం అని రాశాను. మార్చి 11న రాశాను. ఇప్పుడే తిప్పి చూశాను.

"మొన్న నువ్వు ఆ గులాబీ తుండు తెచ్చి, నీది నీకు, నాది నాకు అన్నావు. ఇంక వీనికి నేను కూడా వద్దు, పోయేదానికి చూస్తా ఉండాడు అనుకుంటి." అమ్మ గొంతు అంత లావుగా ఉండి కూడా వణికింది. "మత్తి చేప కోసం ఎవరన్నా వైతికుప్పం దాకా నడుస్తారా రా? మన ఈది చివరే అమ్ముతారే. నువ్వు ఆ రాళ్ల మీద కూర్చునేది నాకు బాగల్యా. మున్ను నాకు నడిచే శక్తి లేక ఇంట్లో కూర్చుని ఏడుస్తా ఉంటి. ఏ సామి ఇచ్చిందో, బలం వచ్చింది. నీ వెనకాలే వస్తి."

అప్పుడు చెప్పాను. జెల్ సంగతి, భుజాల సంగతి, తుండు సంగతి. నన్ను లేపి నిలబెట్టడానికి డాక్టరు ఇచ్చిన మందంతా ఆమె ఒంట్లోకి పోయిందని, మీసం అంకాళమ్మది కాదని. అమ్మ గడ్డం తడుముకుంటూ విన్నది.

"అట్లయితే మంచి మందే" అంది.

నాకు నవ్వొచ్చింది. నవ్వు మొదలై, ఏడుపయింది. ఎంతసేపో తెలీదు. ఏడ్చి ఎన్నాళ్లయిందో కూడా తెలీదు. అమ్మ నా మొహం తుడవడానికి తుండు తీసింది, గుర్తొచ్చి పక్కన పెట్టి, కొంగుతో తుడిచింది.

జూలై 22, సోమవారం

అమ్మ కూడా ఆస్పత్రికి వచ్చింది. కయల్విళి ఆమెను చూసి, గడ్డం చూసి, మళ్లీ మొహం చూసి గుర్తుపట్టింది. "అమ్మా, మీరా! మీ వీధిలో ఆయన ఎలా ఉన్నాడు?"

"ఇదిగో. వీడే" అంది అమ్మ.

డాక్టరు అంతా విని చాలాసేపు కిటికీ వైపు తిరిగి ఉన్నాడు, భుజాలు కదులుతున్నాయి. తర్వాత మొహం సర్దుకుని అమ్మ రక్తం తీయించాడు. నాకన్నా అమ్మకు నాలుగు రెట్లు ఉంది. తుండు ఆపేస్తే నెలల్లో తగ్గుతుందట, గొంతు మాత్రం కొంచెం అలా ఉండిపోవచ్చట. "ఉండనీండి, రేషన్ షాపులో పనికొస్తుంది" అంది అమ్మ.

తొమ్మిది ప్రశ్నల కాగితం ఇచ్చారు. నేను చదవలేక కూర్చుంటే కయల్విళి ఒక్కొక్కటి చదివింది. నిద్ర? "ల్యా, మూడు వెయ్యి తల్లీ" అంది అమ్మ. ఆకలి? "మూడు." దేనిమీదైనా ఆసక్తి? "ఏమీ ల్యా. మూడు." అమ్మా, ఆయన చెప్పాలి అంది కయల్విళి. ఆయన చెప్పడు, పదకొండేండ్లుగా చూస్తా ఉండాను అంది అమ్మ.

తొమ్మిదోది, బతకడం ఎందుకు అనిపిస్తోందా అనేది, చదివినప్పుడు మాత్రం అమ్మ ఏమీ అనలేదు. కింద చూస్తూ కూర్చుంది.

"రెండు" అన్నాను.

మొత్తం పందొమ్మిది. డాక్టరు ఆ కాగితాన్ని ఈసారి తిప్పి తిప్పి చూడలేదు. కుర్చీ నా దగ్గరికి జరుపుకున్నాడు.

"ఎప్పట్నుంచి?" అన్నాడు.

రోజూ నేను ఊరందరినీ అడిగే ప్రశ్న. నన్నెవరూ అడగలేదు. కాదు, అడిగారు, నేను చెప్పలేదు. ఇవాళ గంటసేపు చెప్పాను. బయట వరసలో ఉన్నవాళ్లు తిట్టుకునే ఉంటారు.

జెల్ వద్దన్నాడు. రెండు మూడు వారాలకోసారి ఇంజక్షన్. దిగులుకు వేరే మాత్ర, పని చేయడానికి కొన్ని వారాలు పడుతుంది. హార్మోను ఒక్కటే అన్నీ నయం చేయదు అన్నాడు. ప్రతి గురువారం కయల్విళి దగ్గర కూర్చుని మాట్లాడాలి. రాళ్ల మీదికి వెళ్లాలనిపిస్తే ముందు అమ్మకు చెప్పాలి. సరే అన్నాను. అమ్మ నా చేత ఇంకోసారి సరే అనిపించింది.

జూలై 25

గురువారం. మాట్లాడాను. తక్కువే.

ఆగస్టు 3

వైతికుప్పం వెళ్లాలనిపించింది. అమ్మకు చెప్పాను. చెప్పులు వేసుకుని నాతోపాటు వచ్చింది. ఇద్దరం రాళ్ల మీద కూర్చున్నాము. చేపలు కొనలేదు.

ఆగస్టు 12

రెండో ఇంజక్షన్. పాత తుండును అమ్మ వేడినీళ్లలో సోడా వేసి నాలుగుసార్లు ఉడికించింది. మిద్దె మీద వారం ఆరబెట్టింది. సెంగమలం పిన్ని మేడ మీంచి చూసి ముక్కు మూసుకుంది. వీధిలో ఇప్పుడు నాకు ఎవరూ షేక్ హ్యాండ్ ఇవ్వరు, తామర కదా. భయపడినంత కష్టంగా లేదు.

పొద్దున స్నానం చేసి ఆ తుండుతో ఒళ్లు తుడుచుకున్నాను. భుజాలు కప్పుకోలేదు. తుండు దండెం మీద వేశాను. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"ఇప్పుడు తాకచ్చునా?"

"తాకచ్చమ్మా. తుండుతో ఏమీ రాదు."

తీసుకుని మొహం తుడుచుకుంది. నుదురు, బుగ్గలు, గడ్డం. గడ్డం దగ్గర ఎక్కువసేపు. నా ఎదురుగా నిలబడే తుడుచుకుంది. ఈసారి నేను చూశాను.

ఈరోజు బాగా లేను. అమ్మకు చెప్పాను.